క్యాంపస్ స్వభావాన్ని గీసేది టైంటేబుల్‌లో లేని చోట్లు

ఏ కాలేజీ బ్రోషర్ తీసినా మొదటి పేజీలో ఎత్తయిన మెయిన్ బిల్డింగ్, దాని ముందు ఎవరూ తొక్కని పచ్చటి లాన్ కనిపిస్తాయి. 'గడ్డి తొక్కరాదు' అన్న బోర్డు మాత్రం ఫొటోలో పడకుండా జాగ్రత్తపడతారు. అక్కడ చదివి వెళ్లిపోయినవాళ్లని అడగండి, ఆ బిల్డింగ్ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. లైబ్రరీ వెనక మెట్లు, హాస్టల్‌కి అడ్డదారి, సాయంత్రం నలుగురూ చేరే చెట్టు... ఇవే చెప్తారు. క్యాంపస్‌కి ఒక స్వభావం అంటూ వచ్చేది ఇలా టైంటేబుల్‌లో లేని చోట్ల వల్లే అని నా వాదన. విచిత్రం ఏంటంటే, ప్లాన్ గీసేటప్పుడు వాటినే ఎవరూ పట్టించుకోరు.

ఇదంతా సెంటిమెంట్ అనుకునేవాళ్లు ఒక పాత పరిశోధన చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో, పెళ్లయిన విద్యార్థుల కోసం వెస్ట్‌గేట్ అనే ఇళ్లు ఉండేవి. అక్కడ ఎవరికి ఎవరు స్నేహితులయ్యారో లియాన్ ఫెస్టింగర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బాక్ లెక్క తీసి 1950లో ప్రచురించారు. పక్క తలుపు వాళ్లతో స్నేహం ఎక్కువ, ఒక తలుపు దాటితే తగ్గింది, అదే అంతస్తులో ఆ చివర ఉన్నవాళ్లతో మరీ తక్కువ. మెట్ల మొదట్లో ఇల్లు దొరికినవాళ్లకి మాత్రం పై అంతస్తు వాళ్లు కూడా బాగా పరిచయమయ్యారు. అంటే మెట్లు ఎక్కడ రావాలో కాగితం మీద గీసిన మనిషి, ఎవరికి ఎవరు దగ్గరవుతారో కూడా తనకి తెలియకుండానే గీసేశాడు.

దీనికి అందంతో పెద్దగా పని లేదు. అదే ఎంఐటీలో 1943లో రాడార్ పరిశోధన కోసం హడావిడిగా చెక్కతో కట్టిన బిల్డింగ్ 20ని యుద్ధం అయ్యాక పీకేద్దామనుకున్నారు, అది 1998 దాకా నిలబడింది. చూడటానికి గోదాములా ఉండేది. కానీ గోడకి కన్నం పెట్టి వైరు లాగాలంటే ఎవరినీ అడగక్కర్లేదు, పొడవాటి కారిడార్లలో భాషాశాస్త్రం వాళ్లు, ఎలక్ట్రానిక్స్ వాళ్లు, రైలు బొమ్మల క్లబ్బు పిల్లలు ఒకళ్లకొకళ్లు తగులుతూనే ఉండేవాళ్లు. భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ ఆఫీసు కూడా అందులోనే. అది పోయిన చోట పేరున్న ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ గీసిన స్టాటా సెంటర్ వచ్చింది, లీకేజీల మీద 2007లో ఎంఐటీ కోర్టుకి కూడా వెళ్లింది. (పేరున్న ఆర్కిటెక్ట్ అయితే చాలు అనుకునే మేనేజ్‌మెంట్లకి ఈ ముక్క ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండు.)

ముందే ఆలోచించి మరీ స్వభావాన్ని కట్టిన క్యాంపస్ అంటే అమెరికాలోని వర్జీనియా యూనివర్సిటీ. దాన్ని స్థాపించిన మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ప్లాన్‌లో మధ్యలో పొడవాటి లాన్, రెండు వైపులా కలిపి పది పెవిలియన్లు, అంటే రెండంతస్తుల ఇళ్లు. పైన ప్రొఫెసర్ కాపురం, కింద క్లాసు, పెవిలియన్‌కి పెవిలియన్‌కి మధ్య వరసగా విద్యార్థుల గదులు, అన్నిటినీ కలుపుతూ స్తంభాల వరండా. లాన్ ఒక చివర, చర్చి రావాల్సిన చోట లైబ్రరీ పెట్టాడాయన. 1825లో క్లాసులు మొదలయ్యే నాటికే ఆ అమరిక చెప్పాల్సింది చెప్పేసింది: ఇక్కడ చదువు, కాపురం, వాదన వేరువేరు కావు, అన్నిటికీ మూలం పుస్తకం. ఎంత గొప్పగా ఉందో కదా! కానీ ఆ కట్టడాల కోసం చాకిరీ చేసినవాళ్లలో బానిసలున్నారు, వాళ్ల పేరిట స్మారకం 2020లో గానీ రాలేదు. ఆడపిల్లలకి మగపిల్లలతో సమానంగా అడ్మిషన్ దొరికింది 1970లో. కాబట్టి ఆర్కిటెక్చర్ 'అందరినీ కలుపుతుంది' అని ఊరికే మురిసిపోకూడదు. గేటు లోపలికి ఎవరిని రానిస్తున్నారన్నది తేలాకే వరండా సంగతి.

మన దేశంలో ఈ విషయం బాగా పట్టుకున్నది ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి. బెంగళూరు ఐఐఎంకి ఆయన ఫతేపూర్ సిక్రీని మనసులో పెట్టుకుని రాతి గోడలు, పొడుగాటి కారిడార్లు గీశారు. కొన్నిచోట్ల పైకప్పు, కొన్నిచోట్ల తీగలు పాకే పందిరి, కొన్నిచోట్ల నేరుగా ఆకాశం. నడుస్తూ నడుస్తూ ఆగి మాట్లాడుకునేంత వెడల్పు ఉంటుంది, అదేమీ యాదృచ్ఛికం కాదు. అహ్మదాబాద్ ఐఐఎం గీసిన లూయీ కాన్‌కి కూడా బడి అంటే చెట్టు కింద ఒక మనిషి నలుగురితో మాట్లాడటంతో మొదలైనదే. ఎండ దేశంలో నీడ ఉన్న చోటే జనం చేరతారు, ఇంత చిన్న సంగతికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు.

మరి ఇప్పుడు కడుతున్న బ్లాకుల్లో అద్దాల గోడలు, మధ్యలో ఇరుకు కారిడార్, రెండు వైపులా ఏసీ గదులే ఎందుకు? ఏరియా లెక్కల వల్ల. క్లాస్‌రూమ్‌కి సీట్లు ఇన్ని అని చూపించొచ్చు, ల్యాబ్‌కి గుర్తింపు వస్తుంది, వరండా మాత్రం ఏ కాలమ్‌లోనూ 'పనికొచ్చే స్థలం' కాదు. బడ్జెట్ తగ్గితే మొదట కోత పడేది దానికే. చెట్ల పరిస్థితి ఇంకా అన్యాయం, ఎందుకంటే బిల్డింగ్ రెండేళ్లలో లేస్తుంది గానీ కింద పాతికమంది కూర్చునే చెట్టు కావాలంటే ఒక తరం పడుతుంది, దాన్ని కొట్టడానికి ఒక పూట చాలు. ఆ తర్వాత కంచెలు. చెట్ల కింద పాఠాలకి పేరుపడ్డ శాంతినికేతన్‌లోనే 2020 ఆగస్టులో పౌష్ మేళా మైదానం చుట్టూ గోడ కట్టబోతే పెద్ద గొడవైంది. భద్రత పేరు చెప్తే ఎవరూ కాదనలేరు. కానీ నలుగురు కూర్చుంటే వచ్చే గొడవ కంటే ఎక్కడా కూర్చోలేని క్యాంపస్ వల్ల జరిగే నష్టమే ఎక్కువని నా అభిప్రాయం, అది కంప్లయింట్‌గా ఆఫీసుకి రాదు కాబట్టి కనిపించదు.

అసలు చిక్కు ఇంకోటుంది. ఈ చోట్లు వాడుకునేవాళ్లు మూడు నాలుగేళ్లలో వెళ్లిపోతారు, నిర్ణయించేవాళ్లు మిగిలిపోతారు. అహ్మదాబాద్‌లో కాన్ కట్టిన 18 డార్మిటరీల్లో 14 పడగొడతామని 2020 డిసెంబర్‌లో అన్నారు. ప్రపంచం నలుమూలల నుంచీ అభ్యంతరాలు రావడంతో 2021 జనవరి 1న అప్పటికి వెనక్కి తగ్గారు. అది కాన్ పేరుకి ఉన్న బలం. పేరు లేని కాలేజీలో పేరు లేని మెట్లకి, అరుగుకి అలా ఎవరు అడ్డు పడతారు?

అయితే చేయదగ్గ పని ఉంది, పెద్ద ఖర్చు కూడా లేదు. షికాగోలోని ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆర్కిటెక్ట్ రెమ్ కూల్హాస్‌కి దొరికింది మెట్రో వంతెన కింద ఖాళీ జాగా, హాస్టళ్ల నుంచి క్లాసులకి పిల్లలు అడ్డంగా దాటిపోయే చోటు. ఆయన ముందు ఆ అడ్డదారులన్నీ గీసుకుని, వాటినే లోపలి కారిడార్లుగా మార్చి, మిగిలిన ముక్కల్లో కేఫ్, పుస్తకాల షాపు, ఆఫీసులు అమర్చాడు. 2003లో తెరిచారు. మన బిల్డింగ్ కమిటీలు కూడా టెండర్ పిలిచే ముందు ఒక సెమిస్టర్ ఆగి, ఏ గడ్డి మీద కాలిబాట పడిందో, మధ్యాహ్నం ఏ గోడ నీడలో బ్యాగులు కనిపిస్తున్నాయో ఒక కాగితం మీద గుర్తుపెట్టి, ఆ కాగితాన్ని ఆర్కిటెక్ట్ చేతికి ఇవ్వొచ్చు.