బి-ఫీడు దొరవారికి

మహారాజశ్రీ బి-ఫీడు గారికి,

ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగాం. ఒక్కో సర్వర్‌లో రెండు పవర్ సప్లైలు, వాటికి కరెంటు రెండు దారుల్లో: ఒకటి ఏ-ఫీడు, అది పోతే ఆదుకోవాల్సినది తమరు. ఏ-ఫీడు కుశలమే, సర్వర్లు నడుస్తున్నాయి గనక తెలుస్తోంది. తమరి కుశలానికి మాత్రం కొన్న బిల్లు తప్ప వేరే ఆధారం దొరకలేదు.

నెల్లూరు పొగతోట ఆస్పత్రుల్లోనైనా, చీమకుర్తి గ్రానైటు ఆఫీసుల్లోనైనా సర్వర్ రూము తలుపు తీయగానే ముందు తమరి గొప్పే వినిపిస్తుంది. "మాకు రెండు ఫీడులు సార్, ఒకటి పోయినా ఇంకోటుంది." ఆ ఇంకోటి మీద ఎన్ని ఆంపియర్లు పోతున్నాయని అడిగి చూడండి, ఏసీ రిమోటు వెతుక్కుంటారు.

తమరి తాహతు మాకు తెలుసు. నేలటూరు ఒడ్డున థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నా, ర్యాక్ (సర్వర్లు పేర్చే బీరువా) దగ్గరికొచ్చేసరికి తమరు 230 వోల్టులు, సింగిల్ ఫేజు, 32 ఆంపియర్లు. అంటే 7.36 కేవీఏ, దాదాపు 7,360 వాట్లు. రాత్రింబగళ్లు ఆగకుండా నడిచే లోడు కాబట్టి 80 శాతం, 25.6 ఆంపియర్లు దాటనివ్వకూడదన్నది ఈ పనిలో పద్ధతి. అలారం కూడా అక్కడే పెట్టారు, ఏ-ఫీడు పీడీయూకి (ర్యాక్‌లో కరెంటు పంచే ప్లగ్గుల పట్టీకి) ఒకటి, తమరికొకటి. ఏ-ఫీడు మీద 24 ఆంపియర్లు, తమరి మీద 23. రెండు చోట్లా పచ్చలైటే, నెల నెలా రిపోర్టులో "నార్మల్" అనే. ఏ-ఫీడు ఆగిందా, మొత్తం 47 ఆంపియర్లూ తమరి నెత్తినే.

అప్పుడైనా వెంటనే పడిపోతే మర్యాదగా ఉండేది. మామూలు 32 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తనే పడిపోయే స్విచ్చు) 1.13 రెట్ల కరెంటును గంటసేపు పడకుండా మోయాలి. 1.45 రెట్లు, అంటే 46.4 ఆంపియర్లు వస్తే గంటలోపు పడాలి. ఎప్పుడన్నది దాని ఇష్టం. ఈ లెక్కయినా 30 డిగ్రీల దగ్గర. రోహిణి కార్తెలో, జనరేటరు ఎత్తుకునేదాకా ఏసీ ఆగిన గదిలో ఇంకా ముందే పడుతుంది. వేడికి సర్వర్ల ఫ్యాన్లు వేగం పెంచి మరికాస్త లాగుతాయి కూడా. యూపీఎస్ సర్వీసుకని ఏ-ఫీడు ఆపిన పావుగంట అంతా బాగుంటుంది. "చూశారా, బి మోస్తోంది" అని టీకి పోతారు. తమరు సరిగ్గా అప్పుడే చేతులెత్తేస్తారు.

ఇంకో వేషం కూడా ఉంది తమరికి. కొన్ని సర్వర్లలో హాట్ స్పేర్ సెట్టింగు ఉంటుంది. లోడు తక్కువుంటే ఒక పవర్ సప్లై నిద్రపోతుంది. అన్నిట్లోనూ మొదటిదే ప్రైమరీ అయితే భారమంతా ఏ-ఫీడు మీద, తమరి డిస్‌ప్లేలో 2 ఆంపియర్లు. ఖాళీగా కనబడ్డావని స్విచ్చీ, మానిటరూ, సీసీ కెమెరా రికార్డరూ, చివరికి ఎవరిదో ఫోన్ చార్జరూ నీకే తగిలిస్తారు. (నువ్వనేశాం, క్షమించాలి.) ఒకటే పవర్ కార్డు (కరెంటు తీగ) ఉన్న పరికరానికి ర్యాక్‌లో ట్రాన్స్‌ఫర్ స్విచ్ (ఒక ఫీడు పోతే రెండోదానికి మార్చేది) ఉండాలని చెబితే, బడ్జెట్ లేదంటారు.

మీటరు లేని పీడీయూ అయితే క్లాంప్ మీటరు (వైరు చుట్టూ దవడ బిగించి కరెంటు కొలిచేది) తెస్తారు. మూడు కోర్ల కేబులును మొత్తంగా దవడలో ఇరికిస్తారు. ఫేజులో పోయేది న్యూట్రల్‌లో తిరిగొస్తుంది గనక సున్నా చూపిస్తుంది. "లోడే లేదు సార్!" ఫేజు వైరు ఒక్కదాన్నే పట్టాలి, దానికి లైన్ స్ప్లిట్టర్ (కేబులులోని వైర్లను విడదీసి అందించే అడాప్టరు) వాడాలి. ఎస్‌ఎన్‌ఎంపీతో (నెట్‌వర్క్ మీదే పరికరాల రీడింగులు తెప్పించుకునే పద్ధతితో) చదివేవాళ్లది మరో తమాషా. చాలా పీడీయూలు ఆంపియరులో పదో వంతుల్లో చెబుతాయి, 235 అంటే 23.5. గ్రాఫులో ఐదు నిమిషాల సగటు మాత్రమే ఉంచితే రాత్రి బ్యాకప్ సమయంలో లేచే శిఖరం అందులో కలిసిపోతుంది. గరిష్ఠాన్ని కూడా దాచాలి.

ఎక్సెల్ షీటు ఊసెత్తితే తమరికే నవ్వొస్తుంది. సర్వర్ వెనక 800 వాట్లని రాసి ఉంది కదాని, రెండు పవర్ సప్లైలకి 1600 వేశారు. అది వాటి పైహద్దు, వాడకం కాదు. ఆ లెక్కన 7.36 కేవీఏ మొత్తం వాడినా ఒక ర్యాక్‌లో నాలుగు సర్వర్లకి మించి పట్టవు. పట్టకపోవడమేంటని షీటును పక్కనపెట్టి పద్నాలుగు ఎక్కించారు. ఐపీఎంఐటూల్ (సర్వర్ హార్డ్‌వేర్‌నే వివరాలడిగే ప్రోగ్రాం)లో డీసీఎంఐ పవర్ రీడింగ్ అనే ఆదేశంతో అడిగితే ఆ సర్వరే తన వాట్లు చెబుతుంది. అడిగేవారేరీ?

కనుక తమరిపై తీసుకున్న చర్యలు: రెండు పీడీయూల విడి విడి అలారాలు 12.8 ఆంపియర్లకి దిగాయి. వాటితోపాటు ఏ ప్లస్ బి మొత్తం 25.6 దాటితే మోగే అలారం ఒకటి పెట్టాం. అదే అసలుది. ఏ-ఫీడుకి ఎర్ర పవర్ కార్డులు, తమరికి నీలం పవర్ కార్డులు. పొట్టి కార్డు చాలలేదని ఒకే సర్వర్ రెండు కాళ్లూ తమరి మీదే పెట్టి ఉంటే ఇప్పుడు దూరం నుంచే కనబడుతుంది.

మొత్తం 25.6 లోపలికి దిగిన ర్యాకులన్నిటికీ వచ్చే ఆదివారం తెల్లవారుజామున పరీక్ష. ముందు ప్రతి సర్వర్‌లో రెండు పవర్ సప్లైలూ బాగున్నాయని చూసి, ఏ-ఫీడు ఎంసీబీ దించుతాం. రెండు నిమిషాలు కాదు, గంట. ఐదేసి నిమిషాలకి తమరి ఆంపియర్లు రాసుకుంటూ, ఎంసీబీ టెర్మినళ్ల మీద థర్మల్ కెమెరా పెట్టి ఉంచుతాం. పైవైపు కేబులు తమరిదీ, ఏ-ఫీడుదీ ఒకే యూపీఎస్‌లోకి పోతోందని ఎలక్ట్రీషియన్ అనుమానం. అది నిజమైతే ముందే ఒప్పుకోండి, ఆదివారం నిద్ర మిగులుతుంది.

ఇట్లు,
క్లాంప్ మీటరు పట్టుకు తిరిగే నెల్లూరు వాళ్లం