వారానికి సరిపడా కూరగాయల రసం తిరుపతి ఇంట్లో వద్దు

విదేశాల నుంచి సెలవులకు తిరుపతికి వెళ్లే మనవాళ్లు తల్లిదండ్రుల కోసం పట్టుకెళ్లే సామాన్లలో ఈ మధ్య జ్యూసర్ కూడా చేరింది. పెద్దవాళ్లు పొద్దున్నే క్యారెట్, బీట్‌రూట్, బూడిద గుమ్మడి రసం తాగుతున్నారంటే సంతోషించవలసిందే. నన్ను కలవరపెడుతున్నది ఆ యంత్రం వెంట మనం మోసుకుపోయిన మరొక అలవాటు: ఒకే రోజు కూర్చుని వారానికి సరిపడా రసం తీసి, సీసాలకు పోసి, ఫ్రిజ్‌లో వరుసగా పేర్చిపెట్టడం. తిరుగు ప్రయాణానికి ముందు కూతుళ్లూ కోడళ్లూ ఎంతో ప్రేమతో చేసిపెట్టి వచ్చే ఈ పని వల్ల పెద్దవాళ్లకు మేలు కన్నా కీడు జరిగే అవకాశమే ఎక్కువని, దీన్ని మానుకోవాలని నా అభిప్రాయం.

నిజానికి చిత్తూరు సీమవాళ్లకు రసాన్ని నిల్వ చేయడం కొత్త విద్య కాదు. ఏటా ఎండాకాలంలో దామలచెరువు, బంగారుపాళెం వైపు నుంచి లారీల్లో తరలే తోతాపురి మామిడికాయలు ఈ ప్రాంతపు ఫ్యాక్టరీల్లో గుజ్జుగా మారి, నెలల తరబడి పాడవకుండా విదేశాలకు సైతం చేరుతున్నాయి. ఆ గుజ్జు అన్నాళ్లు నిలవడానికి రెండు కారణాలున్నాయి. మామిడిలో సహజంగానే పులుపు ఉంటుంది. దానికి తోడు గుజ్జును తగినంత వేడికి గురిచేసి, సూక్ష్మజీవులు లేకుండా శుద్ధిచేసిన సంచుల్లో గాలి చొరకుండా నింపుతారు. ఇంట్లో తీసిన క్యారెట్ రసానికి ఈ రెండింటిలో ఒక్కటీ లేదు. పులుపును కొలిచే పీహెచ్ లెక్కలో అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. ప్రమాదకరమైన కొన్ని సూక్ష్మజీవులు పెరగకుండా ఉండాలంటే అది 4.6 లోపు ఉండాలని ఆహార శాస్త్రం చెబుతుంది. క్యారెట్ రసం 6 దగ్గర ఉంటుంది. మదనపల్లె టమాటాలోనైనా కొంత పులుపు ఉంది గానీ క్యారెట్, బీట్‌రూట్, కీర దోసకాయ, ఆకుకూరలు చప్పటి సరుకే.

ఇది పుస్తకాల్లోని భయం మాత్రమే కాదు. 2006 సెప్టెంబరులో అమెరికాలోని జార్జియా, ఫ్లోరిడా రాష్ట్రాల్లోనూ, కెనడాలోని టొరంటోలోనూ కొందరు సీసాల్లో అమ్మిన క్యారెట్ రసం తాగి బొటులిజం బారిన పడ్డారు. నరాలు చచ్చుబడి, ఊపిరి తీయడం కూడా కష్టమయ్యే జబ్బు ఇది. దీనికి కారణమైన సూక్ష్మజీవి మట్టిలో బీజరూపంలో ఉంటుంది. భూమిలో పెరిగే దుంపలతో పాటు మన వంటింటికి వస్తుంది. గాలి లేని చోట, పులుపు లేని చోట, చల్లదనం చాలని చోట పెరిగి విషాన్ని పుట్టిస్తుంది. ఆ విషాన్ని వాసన చూసో, రుచి చూసో కనిపెట్టలేము. రసాన్ని ఒకసారి మరిగించి పెడితే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. మామూలు మరుగుకు ఆ బీజాలు చావవు కాబట్టి సరిపోదు.

ఇక్కడ జాగ్రత్తగా గమనించవలసిన సంగతి ఒకటుంది. రసాన్ని సీసా అంచుదాకా నింపి, గాలి లేకుండా మూత బిగించమని అందరూ సలహా ఇస్తారు. గాలి తగలకపోతే రంగు మారడం తగ్గుతుంది, సి విటమిన్ త్వరగా నశించదు. ఆ మేరకు సలహా మంచిదే. అయితే నేను పైన చెప్పిన సూక్ష్మజీవికి కావలసింది కూడా గాలి లేని చోటే. కాబట్టి మూత ఎంత గట్టిదైనా, యంత్రం ఎంత ఖరీదైనదైనా, అది రంగునూ రుచినీ కాపాడగలదే తప్ప మనిషిని కాపాడలేదు. మనిషిని కాపాడేది విడవకుండా ఉండే చల్లదనం, దానికి తోడు కొంత పులుపు.

ఆ చల్లదనం తిరుపతి ఇళ్లలో ఎంత నిలకడగా ఉంటుందో మనం ఆలోచించడం లేదు. రసం ఉంచే ఫ్రిజ్ లోపల 4 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. ఎండాకాలంలో బయట 40 డిగ్రీలు దాటే ఊరిలో, చల్లనీళ్ల కోసం గంటకు నాలుగుసార్లు తలుపు తెరిచే ఇంట్లో, అందులోనూ సీసాలు అలవాటుగా తలుపు అరలోనే పెట్టే చోట, ఆ అంకె నిలవదు. ఫ్రిజ్ మొత్తంలో వెచ్చగా ఉండేది ఆ తలుపు అరే. కరెంటు పోతే తలుపు తీయకుండా ఉంచిన ఫ్రిజ్ చల్లదనాన్ని సుమారు 4 గంటలు పట్టి ఉంచుతుంది. కరెంటు ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో పగలంతా గుర్తుపెట్టుకుని ఆ సీసాను పారబోయాలా ఉంచాలా అని డెబ్బై ఏళ్లు దాటిన మనిషి లెక్కవేసుకోవాలని మనం ఆశించడం న్యాయం కాదు.

పైగా ఆ తరం వాళ్లు పారబోయరు. తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంట్లో మూడో రోజు సీసా మూత తిప్పగానే బుస్సుమని గాలి వచ్చింది. పైన నురగ తేలి, అడుగున ఎర్రటి మడ్డి పేరుకుని ఉంది. నేను సింకు వైపు తీసుకెళుతుంటే మా నాయన, "మొన్నటిదే కదమ్మా, పారబోసేదెందుకు?" అన్నారు. అన్నం మెతుకు కూడా వృథా చేయకుండా బతికిన మనిషి మాట అది. నేను దాన్ని గౌరవిస్తాను. గౌరవిస్తాను కాబట్టే, పారబోయవలసినంత రసం ఇంట్లో మిగలకుండా చూడడం మన బాధ్యత అంటున్నాను.

బీట్‌రూట్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అందులో నైట్రేట్ అనే లవణం ఎక్కువ. రసం వెచ్చగా ఉండిపోతే సూక్ష్మజీవులు ఆ నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి. అది ఒంట్లోకి చేరితే రక్తం ప్రాణవాయువును మోసే శక్తి తగ్గుతుంది. ఈ ముప్పు పసిపిల్లలకు మరీ ఎక్కువ కాబట్టి, తాత కోసం తీసిన రసాన్ని చెంచాతో మనవడి నోట్లో పోసే ముద్దుముచ్చట ఇంట్లో ఉంటే దాన్ని మాన్పించాలి.

మరి ఎలా ఉంచుకోవాలి? పొద్దున తీసింది పొద్దునే తాగడం అన్నిటికన్నా మంచిది. తప్పనప్పుడు 24 గంటలు హద్దు. తీసిన వెంటనే వడగట్టి, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన చిన్న గాజు సీసాల్లో ఒక్కొక్కరికి ఒక్కపూటకు సరిపడా పోసి, పై అరలో వెనకవైపు పెట్టాలి. పెద్ద సీసా అయితే గ్లాసు గ్లాసుకూ మూత తీయవలసి వస్తుంది. నిమ్మరసం పిండితే రంగు నిలుస్తుంది, చెడడం నెమ్మదిస్తుంది. అంతమాత్రాన బయట పెట్టవచ్చని కాదు. కొత్తిమీర, పుదీనా, పాలకూర రసాల్లో నిమ్మ పిండితే పచ్చదనం పోయి మాగిన ఆకు రంగు వస్తుంది. అది పులుపుకు ఆకుపచ్చ పదార్థం మారిపోవడం వల్ల వచ్చేదే గాని చెడిపోయిన గుర్తు కాదు. నిమ్మ కలిపిన రసాన్ని రాగి చెంబులో గాని, కళాయి లేని ఇత్తడి గిన్నెలో గాని ఉంచరాదు. దుంపలను మట్టి పోయేదాకా రుద్ది కడిగి, చెక్కు తీయాలి. జ్యూసర్ జల్లెడలో ఇరుక్కున్న పీచును బ్రష్‌తో వెంటనే తీసేయాలి. సాయంత్రం దాకా వదిలేసిన ఆ పీచే మర్నాటి రసాన్ని తీస్తూనే పాడుచేస్తుంది.

అలిపిరి మెట్ల మీద కొండెక్కేవాళ్లు కొందరు స్టీలు సీసాలో ఇలాంటి రసం పట్టుకెళుతున్నారు. దాదాపు 3,550 మెట్లు ఎక్కేసరికి మూడు నాలుగు గంటలైనా పడుతుంది. వడగాడ్పుల రోజుల్లో ఇలాంటి పదార్థం ఫ్రిజ్ బయట ఒక గంటకు మించి ఉండకూడదు. సహజంగా పులిసిన మజ్జిగ అక్కడ ఎంతో నయం.

విదేశాల్లో ఉద్యోగాల హడావిడిలో ఉండే మనకు నిల్వ తప్పకపోవచ్చు. అలాంటప్పుడు రసాన్ని తీసిన వెంటనే ఐసు ట్రేల్లో పోసి గడ్డకట్టించడం మంచి మార్గం. సీసాల్లో గడ్డకట్టిస్తే నీరు ఉబ్బుతుంది కాబట్టి పైన కొంత ఖాళీ వదలాలి. వాడేముందు ఫ్రిజ్‌లోనే కరిగించాలి, కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు. తిరుపతిలో ఆ అవసరమే లేదు. పొద్దున ఏడు కాకముందే తోపుడుబండి వీధిలోకి వస్తుంది. రైతుబజారుకు వెళ్లివచ్చే ఓపిక ఉన్నవాళ్లకు ఆ నడక కూడా మంచిదే. రసాన్ని కాదు, కూరగాయలను నిల్వ చేయాలి. ఆకులు తుంచేసిన క్యారెట్, బీట్‌రూట్‌లను పొడిగుడ్డలో చుట్టి కింది అరలో పెడితే వారం దాటినా బాగుంటాయి. రోజూ పావుగంట పని పెద్దవాళ్లకు బరువనిపిస్తే, ఇంట్లో పనికి వచ్చే అమ్మాయికి ఆ పావుగంటకు విడిగా జీతం పంపుదాం.

సొరకాయ రసం విషయంలో మాత్రం ఒక్కపూట నిల్వకు కూడా నేను ఒప్పుకోను. చేదెక్కిన సొరకాయలో కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఆ రసం తాగి మన దేశంలో మరణించినవారు కూడా ఉండడంతో భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసింది. రసం తీసేముందు చిన్న ముక్క రుచి చూడాలని, చేదుంటే పారేయాలని, వేరే రసాలతో కలపకూడదని ఆ సంఘం సూచించింది. నిమ్మ, అల్లం, క్యారెట్ కలిపి చల్లగా పెట్టిన సీసాలో ఆ చేదు నాలుకకు అందకుండా పోతుంది. తాగిన తరువాత కడుపునొప్పి, వాంతులు, కళ్లు తిరగడం కనిపిస్తే ఇంటి చిట్కాలతో ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మిగిలిన రసం ఉంటే దాన్ని కూడా డాక్టరుకు చూపించాలి.