పాపం, కర్జన్ దొరవారు

జార్జ్ నథానియేల్ కర్జన్‌కు జరిగిన అన్యాయం గురించి మనవాళ్లు ఒక్కరూ నోరు మెదపరు. ఎంతసేపూ బెంగాల్ విభజన, బెంగాల్ విభజన అని ఒకటే గోల. ఆయన బాధ ఎవరైనా అడిగారా?

1859లో డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్ హాల్‌లో పుట్టారు. నలభై నిండకుండానే వైస్రాయ్‌గా కలకత్తాలో దిగితే, ఉండమని చూపించిన భవనం అచ్చం సొంతింటిలాగే ఉంది! (పాత గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఎప్పుడో ఆ నమూనాలోనే కట్టించాడు.) ఇక పరాయి దేశం వచ్చామని ఎలా తోస్తుంది? 1905లో బెంగాల్‌ను చీల్చడం ఆయన లెక్కలో హాలుకు అడ్డగోడ కట్టించడమే అయి ఉంటుంది. దానికి ఎక్కడో రాజమండ్రిలో కుర్రాళ్లు వందేమాతరం అనడమేమిటి, 1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు పోగొట్టుకోవడమేమిటి!

అసలు కష్టం బిరుదులతో వచ్చింది. 1898లో బారన్ అయినప్పుడు ఏరికోరి ఐర్లండు బిరుదు పుచ్చుకున్నారు. బ్రిటన్ బిరుదైతే ప్రభువుల సభలో కూర్చోవాల్సిందే, ఐర్లండుదైతే మళ్లీ కామన్స్‌కు, అంటే జనం ఎన్నుకునే దిగువ సభకు, పోటీ చేయొచ్చు. ఎంత ముందుచూపు! కానీ పెళ్లివారింట్లో స్వీట్లు కాదనలేనట్టు 1911లో ఎర్ల్, 1921లో మార్క్విస్ అనే బ్రిటన్ బిరుదులు కూడా పుచ్చుకున్నారు.

1923 మేలో బ్రిటన్ ప్రధాని బోనార్ లా జబ్బుచేసి తప్పుకున్నారు. అప్పటికి విదేశాంగ మంత్రిగా ఉన్న కర్జన్ గారు మాంటక్యూట్ అనే పల్లెటూరి భవనంలో ఉన్నారు. ఆ ఇంట్లో టెలిఫోన్ లేదు. లండన్ రమ్మని రాజుగారి కార్యదర్శి స్టాంఫర్డ్‌హామ్ నుంచి టెలిగ్రాం వచ్చింది. ఇంకేముంది, ప్రధాని పదవే! రైల్లో కూర్చుని భార్యతో కాపురం సంగతులు మాట్లాడుకున్నారు: మకాం సొంతింట్లోనే, డౌనింగ్ స్ట్రీట్‌లోని ప్రధాని భవనం ఆఫీసు పనికి మాత్రమే. స్టేషన్లో ఫొటోగ్రాఫర్లు కూడా ఎదురొచ్చారు.

మధ్యాహ్నం స్టాంఫర్డ్‌హామ్ ఇంటికొచ్చి, నసుగుతూ అసలు మాట చెప్పారు. ప్రధాని కాబోయేది కామన్స్ సభ్యుడు బాల్డ్విన్. ప్రతిపక్షమైన లేబర్ పార్టీ బలమంతా కామన్స్‌లో ఉంటే, ప్రధాని ప్రభువుల సభలో కూర్చుని ఎవరికి జవాబు చెబుతారని రాజుగారి సందేహమట. పాతికేళ్ల కిందట తాను ఊహించిన చిక్కే, తాను పోగేసుకున్న బిరుదుల మీదెక్కి తలుపు తట్టింది. దొరవారు కన్నీళ్లు పెట్టుకున్నారు.

వారం తిరక్కుండానే పార్టీ సమావేశంలో బాల్డ్విన్‌ను నాయకుడిగా ప్రతిపాదించిందీ ఆయనే. విదేశాంగ మంత్రి పదవి మాత్రం వదల్లేదు లెండి.