మహారాజశ్రీ కల్చర్ విక్టరీ గారి దివ్యసముఖమునకు

అయ్యా,

ఉభయకుశలోపరి. తమరు కుశలమేనని వేరే చెప్పాలా! ఎప్పుడు చూసినా నాకు నలుగురైదుగురు టూరిస్టుల దూరంలో కాలు మీద కాలేసుకుని కూర్చునే ఉంటారు. నా కుశలం చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

నిన్న మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చున్నవాణ్ణి, ఇవాళ తెల్లవారుజామున మూడుంబావుకి సివిలైజేషన్ 6 అనే నాగరికతల ఆట గెలిచాను. తమరు అందులో కళలతో టూరిస్టులను రప్పించుకుని గెలిచే దారి కదా. 338వ టర్ను. సంగీతం మోగింది, తెర నిండా బొమ్మ పడింది, పెద్దక్షరాలు వచ్చాయి. ఆ అక్షరాల్లో తమరి పేరు లేదు. డిప్లొమాటిక్ విక్టరీ అట, అంటే దౌత్యంతో గెలుపు. పదమూడు గంటలు తమరి గుమ్మం ముందు పడిగాపులు కాస్తే, పక్కింటివాళ్లు తలుపు తీసి మెడలో దండేసి పంపించారు. వాళ్ల గుమ్మం నేనెప్పుడు తొక్కాను?

తొక్కానట. లెక్క చూస్తే తెలిసింది. మహాబోధి ఆలయం కట్టాను, పొటాలా ప్యాలెస్ కట్టాను, స్టాట్యూ ఆఫ్ లిబర్టీ కట్టాను. వండర్ అన్నాక, అంటే ప్రపంచ వింత కట్టడం అన్నాక, టూరిజం వస్తుంది కదా అని, తమరి కోసమే కట్టాను. వాటికి వరసగా 2, 1, 4 డిప్లొమాటిక్ పాయింట్లు కూడా అంటుకుని వస్తాయని పట్టించుకోలేదు. వరదలొచ్చిన దేశానికి డబ్బు పంపాను. మనసు కరిగి కాదు, ఆ దేశంతో నాకు ట్రేడ్ రూట్ ఉంది, దాని మీద 25 శాతం టూరిజం ఎక్కువొస్తుంది. వరల్డ్ కాంగ్రెస్ పిలిచినప్పుడల్లా ఆ తెర తొందరగా మూసేసి నా మ్యూజియాలు సర్దుకోవాలన్న ఆత్రంలో ఏదో ఒకటి నొక్కాను. నేను ఎటు నొక్కితే అటే నెగ్గింది. చిల్లర చిల్లరగా గెలుపుకి కావాల్సిన 20 పాయింట్లు నిండాయి. శుభం కార్డు పడింది.

ఆ క్షణంలో తమరి స్కోరు పలక మీద అంకె ఎంతుందో తెలుసా? 287/289. వచ్చినవాళ్లు 287, కావాల్సినవాళ్లు 289. ఇద్దరు. ఇద్దరంటే ఇద్దరు టూరిస్టులు.

తమర్ని చేరడానికి దారులు చాలా ఉన్నాయంటారు. ఈ ఆటలో అన్నీ నడిచాను కాబట్టి ఏ దారిలో ఎన్ని ముళ్లున్నాయో చెప్పగలను. మొదలుపెట్టింది భక్తిమార్గం. మోంట్ సెయింట్ మిషెల్ కట్టి, నా అపోసల్స్ (మతప్రచారకులు) అందరికీ మార్టిర్ (మతం కోసం ప్రాణమిచ్చేవాడు) హోదా ఇప్పించి, వాదానికి పంపి చంపించుకున్నాను. పోయినవాడు పోగా ఒక రెలిక్, అంటే పవిత్రావశేషం, మిగులుతుంది, రెలిక్‌కి 8 టూరిజం. ఆట తొలి సగంలో దీన్ని మించిన బేరం లేదు. తర్వాత ఒక్కొక్క దేశమూ ఎన్‌లైటెన్‌మెంట్ నేర్చుకుంటుంది, ఆ దేశం వైపు నుంచి నా రెలిక్స్ గిరాకీ సగానికి పడిపోతుంది. ఎదుటివాడికి జ్ఞానోదయమైతే కూర్చుని ఏడవాల్సిన ఆట ఇదొక్కటే. క్రిస్టో రెడెంటర్ అనే వండర్ కడితే ఆ కోత పోతుంది. నేను కడుతూ కడుతూ ఉండగా ఇంకా మూడు టర్నులుందనగా ఇంకెవరో పూర్తిచేశారు. దాని గురించి మాట్లాడను.

మ్యూజియాల గురించి మాత్రం మాట్లాడతాను. ఆర్ట్ మ్యూజియంలో మూడు అరలు. మూడింటిలోనూ ఒకే రకం ఉండాలి, శిల్పాలైతే మూడూ శిల్పాలు, ప్రకృతి దృశ్యాలైతే మూడూ అవే. అప్పుడు థీమ్ కుదిరి టూరిజం రెట్టింపవుతుంది. బాగానే ఉంది. కానీ ముగ్గురు వేర్వేరు కళాకారులవి కావాలి. వచ్చిన ప్రతి మహా కళాకారుడూ మూడేసి బొమ్మలు చేసి పోతాడు. ఒక్కడే వచ్చాడా, మ్యూజియం నిండింది, థీమ్ లేదు. ముగ్గురొచ్చారా, మూడు మ్యూజియాలు కట్టి, ముగ్గురివీ తిరగేసి మరగేసి పేకముక్కల్లా పంచాలి. మూడోవాడు వేర్వేరు రకాలు కలిపి గీసే బాపతు అయితే ఇక చూడండి. నాకు రెండు శిల్పాలు కుదిరి మూడోది దొరకలేదు. దొరకని ఆ ఒక్కటీ కాంగో రాజు ఎంవెంబా దగ్గరుంది. నా దగ్గరున్న బంగారమంతా ఇస్తానన్నాను, ఇవ్వనన్నాడు. ఆయన్ను తప్పుపట్టను. ఆయన దేశంలో శిల్పం ఉంటే ఆహారం పెరుగుతుంది, అక్షరాలా అన్నం పెట్టే కళ అది. నా ఊళ్లో మాత్రం రెండు శిల్పాలూ ఒక ఖాళీ అరా, పన్నూడినవాడి నవ్వులా.

ఆర్కియాలజీ మ్యూజియం కట్టుకోవచ్చు కదా అంటారు. అక్కడ యుగం ఒకటే కావాలి, నాగరికతలు వేరు కావాలి. పైగా ఒక ఊళ్లో ఈ రెండింటిలో ఒక్కటే పడుతుంది. వద్దులెండి.

నేషనల్ పార్కులు నాకు ఇష్టం, దాచుకోను. మ్యాప్ మీద నాలుగు టైల్స్ (గడులు) నిలువు డైమండ్‌గా, నాలుగూ ఒకే ఊరివి, ఒక్క పొలం కూడా లేకుండా, కంటికింపుగా. 41వ టర్నులో ఒక కొండ పక్కన అడవి చూసి పెట్టుకున్నాను. నరికితే ఒక వండర్ ముందే అయిపోయేది, నరకలేదు. రెండువందల టర్నులు కాపలా కాసి, పార్కు పెట్టే నేచురలిస్టును కొనుక్కొచ్చి నిలబెడితే నాలుగో టైల్ అందం చాలలేదంది. పక్కనే గని. తవ్వింది నేనే. 60వ టర్నులో ఉత్పత్తి కావాలని తవ్వి మర్చిపోయాను. పూడ్చి, పైన అడవి నాటించి, మళ్లీ నేచురలిస్టును నడిపించుకొచ్చాను. ఆ పార్కు అయింది. ఆ నాలుగు టైల్స్ మీద ఆ చిన్న గుర్తు పడ్డప్పుడు కుర్చీలోంచి లేచి గదిలో ఒక చుట్టు తిరిగాను.

చివరాఖరికి రాక్ బ్యాండ్లు. శతాబ్దాల తరబడి భక్తిని కూడబెట్టి దాంతో గిటార్ వాళ్లను కొనుక్కునే ఏకైక మతం నాదే. 600 ఫెయిత్ (ఆ భక్తే) పోసి కొన్న మొదటి బృందం, సముద్రాలు దాటి వెళ్లి, మొదటి కచేరీలోనే విడిపోయింది.

ఇంతదాకా చెప్పినవి ముళ్లు. ఇప్పుడు కడుపుమంట.

తమరి నియమం ఒకటుంది. నా దేశానికొచ్చే టూరిస్టుల మొత్తం, పక్క దేశాల్లో ఎవరికి ఇంటి టూరిస్టులు అందరికన్నా ఎక్కువున్నారో వాళ్ల లెక్కను దాటాలి. ఏడుగురు ప్రత్యర్థుల్లో ఆరుగురిని నేను 250వ టర్నుకే దాటేశాను. ఆరుగురూ నా సంగీతం వింటున్నారు, నా బీచుల్లో పడుకుంటున్నారు. తమరికి ఆ ఆరుగురితో పనిలేదు. ఏడోవాడు కావాలి. గ్రీసు నాయకుడు పెరిక్లీస్.

పెరిక్లీస్ ఏం చేశాడు? ఏమీ చేయలేదు. ఇంట్లో కూర్చున్నాడు. సిటీ స్టేట్స్ అనే చిన్న నగర రాజ్యాలు నాలుగింటిని బుట్టలో వేసుకున్నాడు, ఒక్కోదానికి 5 శాతం కల్చర్ పెరిగింది. తన జనం తన ఊళ్లోనే తిరుగుతుంటే చాలు, ప్రతి 100 కల్చర్‌కీ ఒక టూరిస్టు పుడతాడు. నాకు పుట్టాలంటే? ఎనిమిది నాగరికతల ఆటలో ఒక్కడంటే ఒక్కడు రావడానికి 1600 టూరిజం పోయాలి. వాడిది నూరు, నాది పదహారు వందలు! వాడు గడప దాటడు, నేను ప్రపంచమంతా తిరగాలి. పోనీ కచేరీ పెట్టి వాడి జనాన్నే లాక్కుందామని రెండో బ్యాండ్‌ను పంపాను. సరిహద్దు దగ్గర ఆగిపోయింది. బయటి బ్యాండ్లను రానివ్వని మ్యూజిక్ సెన్సార్‌షిప్ కార్డు వేసుకున్నాడు. ప్రజాస్వామ్యం పుట్టిన దేశం!

300వ టర్నులో పలక మీద 188/197. రాత్రి పదకొండయింది, ఇంకో పది టర్నుల్లో అయిపోతుందనుకున్నాను. 320వ టర్నులో 240/245. యాభై రెండు మందిని తెచ్చాను, నలభై ఎనిమిది మందిని కన్నాడు. 330లో 266/269. నా చూపుడువేలు ఎంటర్ మీదే ఉండిపోయింది. నేను ఒక అడుగు వేస్తే మీరు దాదాపు అడుగంతా జరుగుతారు. దగ్గరవుతున్నానన్న ఆశా చావదు, చేరానన్న సుఖమూ ఉండదు.

ఒకప్పుడు మీరిలా ఉండేవారు కాదు. 2001లో మూడో సివిలైజేషన్‌లో మీరు పుట్టినప్పుడు ఒక్క ఊళ్లో 20,000 కల్చర్ పోగేస్తే ఎదురొచ్చి తీసుకెళ్లేవారు. నాలుగోదాంట్లో మూడు ఊళ్లు, నార్మల్ స్పీడులో ఊరికి 50,000. ఐదోదాంట్లో మొదట్లో ఐదు పాలసీ చెట్లు నింపి యుటోపియా ప్రాజెక్టు కడితే సరి. విసుగే, కాదనను, నాలుగోదాంట్లోనైతే కల్చర్ స్లైడర్ పైకి లాగి కునుకు తీస్తే సరిపోయేది. కానీ గీత ఎక్కడుందో అక్కడే ఉండేది. 2013లో టూరిజం తగిలించుకున్నారు, రాజులు వచ్చి మా జనం మీ జీన్స్ కొంటున్నారని మొరపెట్టుకుంటుంటే ముచ్చటేసింది. అప్పటి నుంచే మీకు కాళ్లొచ్చాయి. ఏడోదాంట్లో 15 పురావస్తువులు తవ్వి వరల్డ్స్ ఫెయిర్ కట్టమన్నారంటే, ఎంతమంది నాలా తిట్టారో!

అందరికీ తెలిసి ఎవరూ పైకి చెప్పని దారి ఇంకొకటుంది. ఏథెన్స్ మీద బాంబులు వేయడం. పెరిక్లీస్ ఊళ్లు పట్టుకుంటే వాడి కల్చర్ ఎండిపోతుంది. వాణ్ణి పూర్తిగా తుడిచేస్తే లెక్కలోంచే పోతాడు. వాడి మ్యూజియాలు బొమ్మలతో సహా నావవుతాయి, నాకు తక్కువైన మూడో శిల్పానికి బదులు ఇంకోటి కూడా దొరకొచ్చు. మిగతా దారులన్నింటికన్నా ఇదే దగ్గర. రెలిక్స్, పార్కులు, పాటలు అన్నీ పక్కన పడేసి ఫిరంగులు పట్టుకుంటే యాభై టర్నులు ముందే గెలుస్తాను. నీ పేరేంటి? కల్చర్! నీ దగ్గరికి దగ్గరిదారి ఏంటి? ఫిరంగి! పేరు పెట్టుకోవడానికి సిగ్గనిపించలేదా నీకు? నా దగ్గర సైన్యం కూడా లేదు. ఉన్న ఉత్పత్తంతా నీ ఆంఫీథియేటర్లకే తగలేశాను. నగరం కాపలాకి ఇద్దరు విలుకాళ్లున్నారు, అణుబాంబుల కాలంలో విల్లు పట్టుకుని.

క్షమించాలి. ఏకవచనం వచ్చేసింది. మూడుంబావుకి వచ్చే భాష అది.

జరిగిన మిగతా ముక్క కూడా చెప్పేస్తాను. విక్టరీ తెర కింద 'ఇంకొక్క టర్ను' అనే బటన్ ఉంటుంది కదా, నొక్కాను. గెలిచాక మళ్లీ గెలుపు ఇవ్వరని తెలుసు. తెలిసే నొక్కాను. 339, 340, 341. రిసార్టులేవీ కట్టలేదు, బ్యాండ్లేవీ కొనలేదు, ఊరికే పలక తెరిచి చూస్తూ ఎంటర్ కొట్టాను. 346వ టర్నులో 308/308 అయింది.

సంగీతం మోగలేదు. పెరిక్లీస్ ఏమీ అనలేదు. ఏదో ఊళ్లో ధాన్యపు గిడ్డంగి పూర్తయిందని ఒక గంట టింగుమంది, తర్వాత ఏం కట్టాలి అని అడిగింది. అంకెల పలకను ఫోనుతో ఫోటో తీసి పెట్టుకున్నాను. ఎవరికి చూపించాలో తెలియదు.

తర్వాత నా పార్కు దగ్గరికి మ్యాప్ జరిపి కాసేపు చూశాను. గని పూడ్చిన చోట చెట్లు బాగా పెరిగాయి.

పడుకోవాల్సింది. కొత్త మ్యాప్ తెరిచాను. సెట్లర్ నది ఒడ్డున దిగింది, కొండ పక్కన అడవి ఉంది, ఈసారి గని ఆవలి వైపు తవ్వుతాను. స్కౌట్‌ను తూర్పుకి పంపాను. పద్నాలుగో టర్నులో పొగమంచు విడిచింది, తెర వెలిగింది, తెల్ల వస్త్రాలు కట్టుకున్న ఒక పెద్దమనిషి చిరునవ్వుతో పలకరించాడు.

పెరిక్లీస్.

ఇట్లు,
తమ దర్శనాభిలాషి,
14వ టర్ను నుంచి