శిథిలాల ఫొటోలు సరే, ప్లాన్లు చూశారా? మ్యూనిక్ కట్టడాల మీద తిరుగుతున్న ఫార్వర్డుకు ఖండన

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖాయమయ్యాయి. 2036 ఒలింపిక్స్ మాట కూడా గట్టిగానే వినపడుతోంది. దాంతో ఒక పాత ఫార్వర్డుకు మళ్ళీ రెక్కలొచ్చాయి. పైన వరసగా ఫొటోలు: పిచ్చిమొక్కల మధ్య బోస్నియాలోని సరయెవో బాబ్‌స్లెడ్ (మంచు మీద బండ్ల పందెం) ట్రాక్, ఏథెన్స్‌లో ఎండిపోయిన కాలువ, చివర్లో మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియం పైకప్పు. కింద రాసిన దాని సారాంశం ఇది. ఆటల కోసం కట్టినవి ఎక్కడైనా పదిహేను రోజుల ముచ్చటే, తర్వాత శిథిలాలే. గుడారంలాంటి ఆ మ్యూనిక్ పైకప్పు ఫ్రై ఒట్టో అనే మేధావి ఆర్కిటెక్టు తన సరదా కోసం కట్టుకున్న గాజు బొమ్మ. దాని ఖర్చు అంచనాలను మింగేసింది. అలా బార్లా తెరిచిపెట్టిన డిజైన్ వల్లే 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ జట్టు మీద దాడి జరిగింది. ఇక మనకంటారా, గచ్చిబౌలి అనుభవం చాలదా?

ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. కొంత నిజం ఉన్న అబద్ధాన్ని విడదీయడానికి ఓపిక కావాలి. డ్రాయింగులు చదవడం నా బతుకుతెరువు కాబట్టి ఆ ఓపిక నాకు అలవాటే. నా దగ్గరున్న ఆధారం ఒక బొమ్మల పుస్తకం. మ్యూనిక్ నిర్వాహక సంఘం 1974లో మూడు సంపుటాల అధికారిక నివేదిక వేసింది. మొదటిది నిర్వహణ, మూడోది పోటీలు. నడిమిది మొత్తం కట్టడాల గురించే: ప్లాన్లు, సెక్షన్లు, నమూనాల ఫొటోలు, పని జరుగుతున్న సైటు ఫొటోలు. స్కాన్ చేసిన ప్రతి నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫార్వర్డు రాసినాయన దాన్ని తెరిచి ఉంటే మ్యూనిక్ ఫొటోను ఆ వరసలో కలిపేవాడు కాదు.

"ఆటలయ్యాక అన్నీ శిథిలాలే."

ముందు సరయెవో సంగతి. 1984 శీతాకాల ఒలింపిక్స్ అయిపోగానే ఆ ట్రాక్‌ను ఎవరూ గాలికి వదిలెయ్యలేదు. బోస్నియా యుద్ధం వచ్చే దాకా దాని మీద అంతర్జాతీయ పోటీలు జరిగాయి. 1992లో సరయెవో ముట్టడి మొదలయ్యాక, ఊరికి ఎగువన ఉన్న ఆ త్రెబెవిచ్ కొండే ఫిరంగి దళాలకు స్థావరమైంది. కాంక్రీటుకు ఆ గాయాలు తగిలింది అప్పుడు. అదే ఒలింపిక్స్ కోసం కట్టిన జెట్రా హాలు కూడా యుద్ధంలో ధ్వంసమైంది. దాని పక్క మైదానం శ్మశానమైంది. ఆ హాలును తిరిగి కట్టి 1999లో తెరిచారు, ఇప్పటికీ నడుస్తోంది. బాంబులు పడ్డ ఊరి ఫొటో పెట్టి "చూశారా ఆటల నిర్వాకం" అనడం ఏం న్యాయం?

ఏథెన్స్ విషయంలో మాత్రం ఫార్వర్డుదే పైచేయి. పాత హెలినికో విమానాశ్రయం స్థలంలో 2004 కోసం బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ మైదానాలు కట్టారు. గ్రీసులో ఆ ఆటలు ఆడేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆటలు ముగిశాక వాటిలోకి ఎవరొస్తారన్న ప్రశ్నకు కట్టేనాడే జవాబు లేదు. గడ్డి మొలవక ఏమవుతుంది?

మరి ఇలాంటివి ఎన్ని? 1896 నుంచి 2018 దాకా జరిగిన క్రీడల వేదికలన్నిటినీ లెక్కించి అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2022లో ఒక నివేదిక ఇచ్చింది. శాశ్వతంగా కట్టినవాటిలో 85 శాతం ఇంకా వాడుకలో ఉన్నాయంది. తన పెరుగు పుల్లనని ఎవరంటారు, నిజమే. ఆ సంఘం లెక్కను కొంత తగ్గించే చూడండి. సగానికి సగం కోసేసినా "అన్నీ శిథిలాలే" అన్న మాట మిగలదు.

ఇక మ్యూనిక్. ఆటలు జరిగిన రెండేళ్ళకే, 1974లో, ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్ ఈ స్టేడియంలోనే జరిగింది. బయెర్న్ మ్యూనిక్ ఫుట్‌బాల్ క్లబ్బు 2005 దాకా ఇక్కడే ఆడింది. ఈత కొలనులో టికెట్టు కొనుక్కుని ఊరివాళ్ళు రోజూ ఈదుతారు. క్రీడాగ్రామం ఫ్లాట్లలో కుటుంబాలున్నాయి. మహిళా క్రీడాకారులు దిగిన చిన్న చిన్న బంగళాలు ముందు నుంచీ విద్యార్థుల వసతి కోసం అనుకుని కట్టినవే. అవి పాతబడితే పడగొట్టి, 2007 తర్వాత అదే తీరులో మళ్ళీ కట్టారు. తమ బంగళా ముందు గోడకు విద్యార్థులే నచ్చిన రంగులు వేసుకుంటారు. యాభై ఏళ్ళ పండుగకు 2022లో యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్ అక్కడే పెట్టారు. అన్నీ నిలిచాయని నేననను. సైకిల్ పందాల స్టేడియం చివరికి పనికిరాక 2015లో కూల్చేశారు. ఆ చోట 2024లో కొత్త ఐస్ హాకీ, బాస్కెట్‌బాల్ అరీనా తెరిచారు.

"ఫ్రై ఒట్టో సరదా. గాజు బొమ్మ."

ఈ ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయి. నాకు ఒళ్ళు మండిందీ ఇక్కడే.

ఈ కట్టడాల డిజైన్ కోసం 1967లో పెట్టిన పోటీలో గెలిచింది ఒట్టో కాదు, గుంటర్ బేనిష్ కార్యాలయం. ఆ ఏడాది మాంట్రియల్ ఎక్స్‌పోలో జర్మనీ పెవిలియన్‌కు ఒట్టో వేసిన తీగల గుడారం చూసి వాళ్ళకు ఆలోచన తట్టింది. పోటీకి పెట్టిన నమూనాలో పుల్లలు పాతి, వాటి మీద ఆడవాళ్ళ నైలాన్ మేజోళ్ళు సాగదీసి పైకప్పు చూపించారు. బొమ్మలో బాగుంది, కట్టడం ఎలా? అప్పుడు ఒట్టోను సలహాదారుగా పిలిచారు. ఇంజినీరింగు లియోన్‌హార్ట్, ఆంద్రే సంస్థది. అందులో ఈ పని భుజాన వేసుకున్నది అప్పటికి కుర్రవాడైన యోర్గ్ ష్లైష్. కొలతల లెక్క క్లౌస్ లింక్‌విట్జ్‌ది. కంప్యూటరు లెక్కల్లో జాన్ ఆర్గిరిస్ బృందం చెయ్యి వేసింది. ఇంతమంది పనిని ఒక్కడి పేరున రాయడం ఆ ఒట్టోకే నచ్చి ఉండదు.

ఇక గాజు. అది గాజు కాదు, యాక్రిలిక్ రేకు. మందం 4 మిల్లీమీటర్లు, ఒక్కో పలక సుమారు 3 మీటర్ల చదరం. కింద 75 సెంటీమీటర్ల గళ్ళతో ఉక్కు తీగల వల. పారదర్శకమైన రేకు ఎందుకన్నది అడగాల్సిన ప్రశ్న. అప్పుడప్పుడే కలర్ టీవీ వస్తున్న కాలం. పైకప్పు నీడ మైదానం మీద నల్లగా పడితే, ఎండకూ నీడకూ ఉన్న తేడాను ఆనాటి కెమెరాలు తట్టుకోలేవని టీవీవాళ్ళు పట్టుబట్టారు. వెలుతురును వడగట్టే కప్పు కావాల్సి వచ్చింది. సరదా అన్నదాని వెనకున్న సంగతి ఇది.

పుస్తకంలో నేను ఎక్కువసేపు ఆగేది ఈ పైకప్పు పుట్టిన క్రమం దగ్గరే. ఆ కప్పు 74,800 చదరపు మీటర్లు, మన లెక్కలో పద్దెనిమిదిన్నర ఎకరాలు. స్టేడియంలో ఒక వైపు స్టాండు, ఇండోర్ హాలు, ఈత కొలను, వాటి మధ్య దారి అన్నీ దాని కిందికే వస్తాయి. సమతలంగా ఉండే చోటంటూ లేదు. ప్రతి తీగ పొడవూ ముందే లెక్కగట్టి కోయాలి, సైటులో సాగదీసి సర్దుకుందామంటే కుదరదు. మొదట సన్నటి తీగలతో 1:125 నమూనాలు కట్టారు, వాటిని ఫొటోలు తీసి కొలిచారు. నమూనాలో కొలత పదోవంతు మిల్లీమీటరు తప్పితే సైటులో పన్నెండు మిల్లీమీటర్లకు పైగా తేడా. వేల తీగలకు ఆ తప్పు పేరుకుంటే వల ఒక చోట బిగుసుకుపోతుంది, ఇంకో చోట వేలాడుతుంది. నమూనా మీద కొలిచి లాభం లేదని తేలి, లింక్‌విట్జ్, షెక్ అనే ఆయనతో కలిసి, వల ఆకారాన్ని సమీకరణాలతో నేరుగా కనుక్కునే పద్ధతి తయారుచేశాడు. ప్రతి తీగలో బలాన్ని దాని పొడవుతో భాగించి పట్టుకుంటే చిక్కు లెక్క సాదా లెక్కగా మారిపోతుంది. దానికి ఫోర్స్ డెన్సిటీ పద్ధతి అని పేరు. ఈనాటికీ గుడారపు పైకప్పులు వేసేవాళ్ళ సాఫ్ట్‌వేర్లలో అది పనిచేస్తోంది. బొమ్మ అన్నారే, దాని దగ్గర ప్రపంచం నేర్చుకున్న పాఠం ఇది.

ఇంకో సంగతి ఫార్వర్డుకు అసలు తెలియదు. కప్పు చూసి అందరూ తల పైకెత్తుతారు గానీ అసలు డిజైన్ నేలలో ఉంది. ఈ కట్టడాలున్న ఓబర్‌వీజెన్‌ఫెల్డ్ ఒకప్పుడు సైనిక కవాతు మైదానం, తర్వాత విమానాశ్రయం. 1938లో హిట్లర్‌తో ఒప్పందానికి వచ్చిన బ్రిటన్ ప్రధాని చాంబర్లిన్ దిగింది ఇక్కడే. యుద్ధంలో కూలిన మ్యూనిక్ ఇళ్ళ రాళ్ళూ ఇటుకలూ తెచ్చి అక్కడ గుట్టగా పోశారు. బేనిష్, తోటల డిజైనర్ గుంటర్ గ్రిమెక్ కలిసి ఆ గుట్టను తొలగించకుండా, దాని వాలునే పార్కుగా సాగదీశారు. స్టేడియాన్ని నేలలోకి దింపారు, పై అంచు నుంచి లోపలికి నడిచి దిగుతాం. పక్కనున్న నిమ్ఫెన్‌బర్గ్ కాలువకు అడ్డుకట్ట వేసి చెరువు చేశారు. పచ్చిక మీద నడవొద్దనే బోర్డుల దేశంలో, జనం నడవాలనే గడ్డి వేశామన్నాడు గ్రిమెక్. పుస్తకంలో లెవెల్స్ గీసిన ప్లాన్లు చూస్తే తెలుస్తుంది, ముందు పార్కు, తర్వాతే స్టేడియం. ఆటలు లేని రోజున కూడా జనం వచ్చే చోటు అది, ఈనాటికీ వస్తున్నారు.

"ఖర్చు అంచనాలను మింగేసింది."

ఒప్పుకోవాల్సిందే. పైకప్పు ఖర్చు మొదటి అంచనాకు దాదాపు పది రెట్లయింది. రేకులు కాలక్రమంలో మసకబారి 1990ల చివర్లో మార్చాల్సి వచ్చింది, అదింకో ఖర్చు. మొత్తం క్రీడలకు తేలింది సుమారు 197 కోట్ల జర్మన్ మార్కులు. కాకపోతే అందులో పెద్ద వాటా పది మార్కుల స్మారక నాణేలు, లాటరీల ద్వారా వచ్చింది. (మొదటి నాణెం మీద "జర్మనీలో" అని వేస్తే తూర్పు జర్మనీ గొడవ చేసింది, తర్వాతవాటి మీద "మ్యూనిక్‌లో" అని మార్చారు. ఆ పొరపాటు నాణెం కోసం సేకర్తలు ఎగబడ్డారు.) ఊరి మెట్రో, ఊళ్ళోంచి పోయే సొరంగ రైలు మార్గం ఆ గడువు కోసమే 1971-72లో పూర్తయ్యాయి. వాటినీ "పదిహేను రోజుల ముచ్చట" ఖాతాలో వేస్తామా? 2025 అక్టోబరులో మళ్ళీ ఒలింపిక్స్‌కు పోటీ పడదామా అని ఊరివాళ్ళను ఓటు అడిగితే మూడింట రెండొంతుల మంది దాకా ఔనన్నారు. ఆ బిల్లు కట్టిన ఊరది.

"తెరిచిన డిజైన్ వల్లే దాడి."

ఈ మాట రాయడానికి చెయ్యి వణకాలి. 1972 సెప్టెంబరు 5న మొదలైన ఆ దాడిలో ఇజ్రాయెల్ జట్టువాళ్ళు పదకొండుమంది, ఒక జర్మన్ పోలీసు ప్రాణాలు కోల్పోయారు. హిట్లర్ కాలపు 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నీడ చెరిపేసుకోవాలన్న తపనతో "ఆహ్లాదమైన క్రీడలు" అనుకున్నారు, నిజం. లేత నీలం దుస్తుల్లో ఆయుధాల్లేని భద్రతా సిబ్బందిని పెట్టారు, అదీ నిజం. ఆ నిర్ణయానికీ పైకప్పుకూ ముడి ఏమిటి? దుండగులు దాటింది క్రీడాగ్రామం కంచెను. ఆ గ్రామం వేరే ఆర్కిటెక్టులది, హైన్లె, విషర్ కార్యాలయానిది. బందీల్లో తొమ్మిదిమంది చనిపోయింది అక్కడ కూడా కాదు, ఊరి బయట ఫ్యుర్‌స్టెన్‌ఫెల్డ్‌బ్రుక్ వైమానిక స్థావరంలో, పోలీసులు చేసిన తప్పుల తడక ఆపరేషన్‌లో. 2022లో జర్మనీ అధ్యక్షుడు క్షమాపణ అడిగింది ప్రభుత్వ వైఫల్యానికి. కట్టడాన్ని బోనెక్కిస్తే అసలు ముద్దాయిలు పక్కకు తప్పుకుంటారు.

"మనకు గచ్చిబౌలి చాలదా?"

2002 జాతీయ క్రీడలకు, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలకు హైదరాబాదులో కట్టినవి పాడుబడ్డాయని ఫార్వర్డు మాట. అక్కడి ఇండోర్ స్టేడియంలో 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ జరిగింది. బాలయోగి స్టేడియంలో 2024లో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫుట్‌బాల్ ఆడారు. క్రీడాకారుల బస కోసం కట్టిన టవర్‌ను 2020లో కరోనా వచ్చినప్పుడు ఆగమేఘాల మీద టిమ్స్ ఆసుపత్రిగా మార్చారు. అది మన తెలివికి రుజువని నేను చంకలు గుద్దుకోను. మ్యూనిక్ బంగళాల్లో విద్యార్థులుంటారని ముందే రాసుకున్నారు. మన టవర్ గతి మహమ్మారి వచ్చాక తేలింది.

అందుకే ఫార్వర్డు పంపినవాళ్ళకు నా జవాబులో పుస్తకం లింకుతో పాటు ఒక ప్రశ్న కూడా పెట్టాను. అహ్మదాబాద్‌లో ఇప్పుడు గీస్తున్న డ్రాయింగుల్లో, 2031లో ఆ గదిలో ఎవరుంటారు, ఆ కొలనులో ఎవరు ఈదుతారు అని రాసిన షీటు ఎక్కడుంది? అది ఎవరి దగ్గరైనా ఉంటే గ్రూపులో పెట్టండి, శిథిలాల ఫొటోలు తర్వాత చూసుకుందాం.