ఐడీ కార్డు వెనక కూర్చున్న బ్లడ్ గ్రూప్ గడికి

మహారాజశ్రీ బ్లడ్ గ్రూప్ గడి గారికి, విశాఖపట్నం నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా నా మెడలో, లామినేషన్ కింద, వైజాగ్ చెమట అంటకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

తమరు నాకు ఆరో తరగతిలో పరిచయం. స్కూలు ఫారం అంతా నింపేసి తమరి దగ్గర ఆగిపోయాడు మా నాన్న. తెలీదని రాయొచ్చా అని కౌంటర్లో అడిగితే, "ఖాళీ ఉంచకండి సార్, వెనక్కొచ్చేస్తాది" అన్నారు. నాన్నది బి పాజిటివ్. కొడుకుది మాత్రం వేరే ఎందుకవుతుందని నాకూ అదే రాసేశాడు. ఇంటిపేరు ఎలా వచ్చిందో రక్తమూ అలాగే వచ్చింది. అక్కణ్ణుంచి ఇంటర్, డిగ్రీ, డ్రైవింగ్ లైసెన్సు, గాజువాకలో ఉద్యోగం... ప్రతివాళ్లూ పాత కార్డులోంచి కొత్త కార్డులోకి దించుకున్నవాళ్లే. గ్రూపు చూద్దామని నా వేలికి సూది గుచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

మొన్న ఆఫీసులో రక్తదాన శిబిరం పెట్టారు. ఏ గ్రూపని అడిగితే ధీమాగా కార్డు తిప్పి తమరిని చూపించాను. ఆ టెక్నీషియన్ అమ్మాయి తమరి వంక కన్నెత్తి కూడా చూడలేదు. తెల్లటి పలక మీద నా రక్తం మూడు చుక్కలు వేసింది. ఒకదాని పక్కన నీలం మందు, ఒకదాని పక్కన పసుపు మందు, మూడోదాని పక్కన రంగులేని మందు. వరసగా యాంటీ-ఎ, యాంటీ-బి, యాంటీ-డి అట. మొదటి రెండూ రక్తంలో ఎ, బి గుర్తుల్ని పట్టేవి, మూడోది పాజిటివో నెగెటివో తేల్చేది. పుల్లతో కలిపి పలకను అటూ ఇటూ ఊపింది. నీలంలో చలనం లేదు. తమరి మాటే నిజమైతే పసుపులో పాలు విరిగినట్టు విరగాలి. నేను కళ్లార్పకుండా చూశాను. విరగలేదు. మూడో చుక్క మాత్రం ఎర్రటి రవ్వలా ముద్దలు కట్టింది.

"మీది ఓ పాజిటివ్ అండీ. ఈ బి ఎవరు రాసేరేటి?"

ఎవరు రాశారో చెబితే నాన్న పరువు పోతుందని ఊరుకున్నాను.

పాపం, నాన్న తప్పు కూడా పూర్తిగా కాదు. అమ్మది ఓ. నాన్న బి వెనక ఒక ఓ దాక్కుని ఉంది. నాకు ఇద్దరి దగ్గర్నుంచీ ఓనే వచ్చింది. అంటే నా ఎర్రకణాల మీద ఎ గుర్తూ లేదు, బి గుర్తూ లేదు. కానీ ప్లాస్మాలో ఆ రెండింటి మీదా పగబట్టిన యాంటీబాడీలు ఉన్నాయి. రేపు మద్దిలపాలెం జంక్షన్లో నన్నేదైనా గుద్దేసి, తమరి మాట నమ్మి బి రక్తం ఎక్కించారనుకోండి, ఆ కణాలు నాలోనే పగిలిపోతాయి. కిడ్నీలు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అదృష్టం ఏమిటంటే తమరి మాట ఏ బ్లడ్ బ్యాంకూ నమ్మదు. శాంపిల్ తీసి గ్రూపు మళ్లీ చూస్తారు, ఇచ్చే సంచీలోని రక్తం నా రక్తానికి పడుతుందో లేదో కలిపి చూస్తారు, దాన్నే క్రాస్ మ్యాచ్ అంటారు. ఆ టైము కూడా లేకపోతే ఓ నెగెటివ్ వెతుకుతారు. మరి తమరు ఎవరి కోసం ఉన్నట్టు? ఫారం ఖాళీగా ఉండకూడదనే గుమస్తా కోసమా?

పెళ్లి సంబంధాల్లో కూడా తమరి పెత్తనమే. గోత్రం కింద తమరు. "ఇద్దరిదీ ఒకే గ్రూపు, పిల్లలు పుట్టరు" అని మా పెద్దమ్మ ఒక మంచి సంబంధం చెడగొట్టింది. ఒకే గ్రూపైతే వచ్చిన నష్టమేమీ లేదు. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే జాగ్రత్త పడాలి, దానికి కాన్పయిన 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ ఉంది. ఆ ముక్క మాత్రం ఏ బయోడేటాలోనూ రాయరు.

అసలు తమరి గడి ఎంత చిన్నదో తమరికి తెలుసా? 1952లో బొంబాయిలో ఒక కొత్త గ్రూపు బయటపడింది. మామూలు పరీక్షలో ఓ లాగే కనిపిస్తుంది, కానీ వాళ్లకు ఓ రక్తం కూడా పడదు. వాళ్లను తమరు ఎక్కడ కూర్చోబెడతారు?

సరే, కార్డు మార్పించుకుందామని హెచ్‌ఆర్‌కు వెళ్లాను. రక్తం నాదే అయినా ప్రూఫ్ కావాలన్నారు. రక్తదాత కార్డు ఇచ్చాను. పదిహేను రోజులకు కొత్త కార్డు వచ్చింది. తమరిలో "0 పాజిటివ్" అని ఉంది. అక్షరం కాదు, సున్నా. కొట్లాడదామని లేచి, మళ్లీ కూర్చున్నాను. 1901లో ఈ గ్రూపుల సంగతి లోకానికి చెప్పిన కార్ల్ లాండ్‌స్టైనర్‌ది వియన్నా. ఆయన మొదట ఈ ఓ గ్రూపును సి అన్నాడు. ఇప్పుడు ఆ ఊళ్లో దీన్ని సున్నా అనే అంటారు. ఇన్నాళ్లకు తమరు ఒక ఒప్పు రాశారు, అదీ పొరపాటున.

ఇట్లు,
తమరిని మెడలో మోస్తున్నవాడు