పగులు ఎక్కడ పుడుతుంది?

ఆదివారం పొద్దున బెంగళూరు మారతహళ్లిలో మా ఇంట్లో, ఇడ్లీలు చల్లారిపోయేదాకా నడిచిన వాదన ఇది. ఒకరు మా ఆయన. వైట్‌ఫీల్డ్‌లో కార్ల క్రాష్ సిమ్యులేషన్ చేస్తారు, అంటే కారు గుద్దుకుంటే ఏమవుతుందో కంప్యూటర్ మీద చూడడం. రెండోది మా చెల్లి. ఎంటెక్ అయిపోవస్తోంది, కంప్యూటేషనల్ సాలిడ్ మెకానిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. అంటే వస్తువులు ఎలా వంగుతాయో, ఎలా విరుగుతాయో కంప్యూటర్ మీద లెక్కకట్టడం. నేను చెల్లి పక్షం, ముందే చెప్పేస్తున్నా.

బావ: ఇందులో ఇంకా కనిపెట్టడానికి ఏముంది? ఈ పద్ధతికి ఫైనైట్ ఎలిమెంట్ అని క్లఫ్ అనే ఇంజినీరు పేరు పెట్టింది 1960లో. వస్తువుని ఎలిమెంట్లనే చిన్న ముక్కలు చేసి, లెక్కకట్టే సాల్వర్ ప్రోగ్రాంకి ఇస్తాం, రాత్రి రన్ పెట్టి పడుకుంటాం. పొద్దున్నకి జవాబు రెడీ.

మరదలు: జవాబు వస్తుంది బావా, అది సరైనదేనా? 1991లో నార్వేలో స్లీప్నర్ అనే చమురు ప్లాట్‌ఫామ్ కాంక్రీటు పునాది మునిగిపోయింది...

బావ: ఆగు. ఆ కేసు మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. మెష్, అంటే ఆ ముక్కల వల, మొరటుగా వేశారు, షియర్ స్ట్రెస్ (కోసేలా పనిచేసే ఒత్తిడి) 47 శాతం తక్కువ చూపించింది. తర్వాత జాగ్రత్తగా లెక్కకడితే 62 మీటర్ల లోతు దగ్గర పోతుందని వచ్చింది. నిజంగా పోయింది 65 దగ్గర. సిద్ధాంతం సరిపోయింది, పనివాడే సరిపోలేదు. దానికి పీహెచ్‌డీ ఎందుకు, నాలాంటివాడు ఒకడు చాలు.

(చెల్లి మొహం చిన్నబోయింది. దెబ్బ గట్టిదే మరి.)

మరదలు: సరే, ఆ ఉదాహరణ వెనక్కి తీసుకుంటున్నా. ఈ టీ గ్లాసు చూడండి. అంచు దగ్గర గోరంత పగులు. అక్క పారేయకుండా మూడు నెలల నుంచి ఇందులోనే పోస్తోంది. ఈ పగులు పెరుగుతుందా లేదా అన్నది గ్రిఫిత్ అనే ఇంజినీరు 1921లోనే తేల్చాడు. పెరిగితే విడుదలయ్యే శక్తి, కొత్త ఉపరితలాలు ఏర్పడడానికి కావలసిన శక్తికి సరిపోవాలి. బాగానే ఉంది. కానీ అందుకు పగులు ముందే ఉండాలి. అసలు పగులే లేని గ్లాసులో అది మొదట ఎక్కడ పుడుతుంది, ఎటు తిరుగుతుంది, రెండుగా ఎప్పుడు చీలుతుంది? దానికి ఆ సూత్రం ఒక్కటే చాలదు. పోనీ దెబ్బతిన్న ఎలిమెంటు బలం తగ్గించుకుంటూ పోదామా అంటే, నష్టమంతా ఒకే వరస ఎలిమెంట్లలోకి చేరిపోతుంది. మెష్ సన్నం చేస్తే ఆ వరసా సన్నబడుతుంది, విరగడానికి పట్టే శక్తి సున్నా వైపు జారిపోతుంది. మెష్ సన్నం చేసేకొద్దీ జవాబు మెరుగవ్వాలి కదా, ఇక్కడ చెడిపోతుంది! అందుకే 1998లో ఫ్రాంక్‌ఫోర్, మారిగో అనే ఇద్దరు గ్రిఫిత్ మాటనే మొత్తం శక్తిని కనిష్ఠం చేసే లెక్కగా మార్చారు. రెండేళ్లకి బూర్దాన్‌తో కలిసి, పగులుని గీతలా కాకుండా సన్నటి పట్టీలా పరిచి కంప్యూటర్‌కి ఎక్కించారు. ఇప్పుడు ఫేజ్ ఫీల్డ్ అంటున్నాం. మరి ఆ పట్టీ వెడల్పు ఎంతుండాలి? అది పదార్థం గుణమా, లెక్క కోసం మనం పెట్టుకున్న అంకెనా? మామూలు మోడల్లో అది మారిస్తే పగులు పుట్టే బలమే మారిపోతుంది. దీని మీద ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. నాక్కావలసిన ప్రశ్న అది.

బావ: మేం టెస్టు చేసి, ఫెయిల్యూర్ స్ట్రెయిన్‌ని, అంటే ఎంత సాగితే విరుగుతుందో ఆ అంకెని, దానికి సరిపోయేలా సర్దుతాం. కారు పాసవుతుంది.

మరదలు: మెష్ సైజు మారిస్తే?

బావ: మళ్లీ సర్దుతాం.

మరదలు: అదీ!

(ఇక్కడ నేను ఇడ్లీలు మళ్లీ వేడిచేశాను.)

బావ: సరే, ప్రశ్న ఉంది. ఉద్యోగం ఏది? ఐదారేళ్లు పీహెచ్‌డీ. మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఆ తర్వాత 42,000. ఆపైన ఏ దేశంలోనో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, రెండేళ్లకో కాంట్రాక్టు. ఐఐటీల్లో రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీహెచ్‌డీ తర్వాత మామూలుగా మూడేళ్ల అనుభవం అడుగుతారు. అప్పటికి నీకు ముప్పై నాలుగు. మెకానికల్‌లో ఒక్క ఖాళీ పడితే రోబోటిక్స్ వాడు, బ్యాటరీల వాడు, త్రీడీ ప్రింటింగ్ వాడు అందరూ వచ్చి నిలబడతారు. పగుళ్ల అమ్మాయినే ఎందుకు తీసుకోవాలి?

మరదలు: బ్యాటరీలోనూ పగుళ్లే బావా. ఛార్జింగ్‌లో బ్యాటరీలోని సిలికాన్ మూడింతలకు పైగా ఉబ్బి పగిలిపోతుంది. ప్రింట్ చేసిన లోహంలో స్ట్రెస్ మిగిలిపోయి వంకర్లు పోతుంది. ప్రొఫెసర్ కాకపోతే విమానాల మీద పనిచేసే ఎన్ఏఎల్, రక్షణ శాఖ డీఆర్‌డీఓ ల్యాబులు ఈ ఊళ్లోనే ఉన్నాయి.

బావ: వాటి నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. ఇంతకీ కోడ్ ఎందులో రాస్తున్నావు?

మరదలు: అబాకస్ అనే ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌కి మనం కలిపే సబ్‌రొటీన్ కదా, ఫోర్ట్రాన్ భాషలో.

బావ: ఫోర్ట్రానా! 1957 నాటిది!

మరదలు: మీరు రోజూ వాడే క్రాష్ సాఫ్ట్‌వేర్ ఎల్ఎస్-డైనా ఎందులో రాశారట?

బావ: అది వేరు. లోపల ఏముంటే నాకేం, నాకు పైన బటన్లున్నాయి.

(ఫోర్ట్రానా, పైథానా అని పావుగంట కొట్టుకున్నారు. అదంతా రాయను. అరుపులకి పక్క ఫ్లాట్ వాళ్లు తలుపేసుకున్నారు.)

బావ: సరే, ఒక్కటి చెప్పు. నువ్వు చేరదామనుకుంటున్న గైడ్ దగ్గర ఇదివరకు చేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కున్నావా?

మరదలు: కనుక్కున్నా. ఆరుగురు. ఇద్దరు టీచింగ్‌లో ఉన్నారు, ముగ్గురు మీలాంటి కంపెనీల్లో. ఒకతను మధ్యలో మానేశాడు.

బావ: ఎవరితో మాట్లాడావు?

మరదలు: టీచింగ్‌లో ఉన్నవాళ్లతో.

బావ: మానేసినతని నంబర్ సంపాదించు.